మూడు సూదుల చెట్టు, ఐదు సూదుల చెట్టు

సిమ్లా పోయొచ్చామని తెలియగానే మా గల్లీలో ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి మాట "మంచు చూసిన్రా?" అని. చూడలేదు తల్లీ. మేం చెట్లు చూశాం. ఎండాకాలం సెలవుల్లో లోకమంతా కొండల మీదికెక్కి టోపీలు పెట్టుకుని ఫోటోలు దిగుతుంటే, నేనూ మా ఆయనా ఒకే వంశానికి చెందిన రెండు చెట్ల కింద నిలబడి వాటి ఆకులు లెక్కపెట్టుకొచ్చాం. ఇలాంటి యాత్ర మీలో ఎవరూ చేసి ఉండరు, బుద్ధి ఉన్నవాళ్లెవరూ చేయబోరు. చేయనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సిద్దిపేట

నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. మా ఆయన మల్లేశం కల్లు గీసేవాడు. గీసేవాడు అని ఎందుకంటున్నానంటే, రెండేళ్ల క్రితం తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. మంచం దిగి నడవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు నడుముకు బెల్టు కట్టుకుని, చెట్టెక్కడం ఒక్కటి తప్ప అన్నీ చేస్తాడు. నన్ను సతాయించడం మరింత బాగా చేస్తాడు.

చంద్లాపూర్‌లో, రంగనాయక సాగర్ కట్టకు దగ్గర్లో, మాకో ఈతవనం ఉంది. గట్ల మీద కొన్ని తాళ్లు, అంటే తాటిచెట్లు, కూడా ఉన్నాయి. మా అత్త పెట్టిన వనం అది. నాకు ఉద్యోగం రాకముందు మా ఇంట్లో పొయ్యి వెలిగిందీ, నేను బీఈడీ చదివిందీ ఆ చెట్ల మీదే. ఆయన పడ్డాక వాటిని గీసుకొమ్మని మా దాయాదులు పాలివాళ్లకు అప్పజెప్పాం.

ఒక రోజు మా ఆయన ఫోను నా మొహం మీద పెట్టాడు. అందులో పైన్ చెట్లు, వాటి కింద కుర్చీలు, కుర్చీల్లో చాయ్ తాగుతున్న సుఖపురుషులు.

"చంద్లాపూర్ల గిసుంటి చెట్లు పెడ్దామే. ఆదివారం వస్తే సాగర్ కాడికి ఎన్ని కార్లొస్తున్నయో చూస్తలేవా? నాలుగు కుర్చీలేసి చాయ్ అమ్మినా బతుకొచ్చు."

"జాగ ఏది?"

"ఈతవనం కొట్టేద్దాం. తాళ్లు సుత కొట్టేద్దాం."

గోరు తీయించుకుంటానన్నంత తేలిగ్గా అన్నాడు. ఆ చెట్లను పేరు పేరునా పలకరించే మనిషి అన్న మాట అది. నాకు ఒళ్లు మండింది. పైన్ అనేది చలిదేశపు చెట్టని, మా ఊరి మే నెల ఎండకు ఉప్పు చేపలా ఎండుతుందని పాఠం చెప్పాను. ఆయన పాఠం మొత్తం విని, బెల్టు సర్దుకుని ఒక్క ప్రశ్న వేశాడు.

"పుస్తకంల చదివినవు గని కండ్లతోటి చూసినవా టీచరమ్మా?"

చూడలేదు. అక్కడ దొరికిపోయాను.

"రెండు రకాలున్నయట గా కొండల్ల. పోయి చూద్దాం. రెండిట్ల ఏదన్న ఒక్కటి మన ఎండకు ఆగుతదని తేలితే వనం కొట్టుడే. తేలకపోతే మళ్ల నోరెత్తను."

ఇదీ ఒప్పందం. వనం ఉండాలా పోవాలా అన్నది హిమాచల్ ప్రదేశ్‌లోని రెండు చెట్ల చేతిలో పెట్టి బయలుదేరాం. డిగ్రీ పూర్తి చేసి గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్న మా కొడుకు నవీన్‌ను ఇంటికి కాపలా పెట్టాం. "నిమ్మలంగ పోయి రాండ్రి, ఇల్లు నేను చూసుకుంట" అని వాడు మా సంచులు మోసి మరీ సాగనంపాడు. అంత ప్రేమ ఎప్పుడూ చూడలేదు. అప్పుడే అనుమానించి ఉండాల్సింది, కానీ సర్వపిండి విరక్కుండా సర్దే పనిలో ఉన్నాను.

సిమ్లా

సిమ్లా గురించి మీరు విన్నవన్నీ నిజమే, కానీ వాటి ముందు ఇంకో ఇరవై వేల మంది నిలబడి ఉంటారు కాబట్టి కనబడవు. మాల్ రోడ్డు మీద నడవడమంటే మా అంగడి రోజు కూరగాయల సందులో నడిచినట్టే. తేడా ఏమిటంటే మా అంగట్లో నడిచినందుకు కనీసం వంకాయలు దొరుకుతాయి.

మా ఆయన అక్కడ తొలి కొనుగోలు చేశాడు. ఒక దుకాణంలో పైన్ కాయకు వెండి రంగు పూసి, ఎర్ర దారం కట్టి అమ్ముతున్నారు. చెక్క రేకులు విచ్చుకున్నట్టుండే గట్టి కాయ. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని దుకాణదారు చెప్పాడు. మా ఆయన మా సిద్దిపేట హిందీలో "కైకు ఇత్తా మహెంగా భాయ్?" అని బేరం మొదలుపెట్టాడు. ఆ హిందీ అర్థం చేసుకునే శ్రమ కన్నా ఇరవై తగ్గించడమే నయమనుకున్నాడేమో, దుకాణదారు నూట ఎనభైకి ఇచ్చేశాడు. మా ఆయన దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు పల్లెలో అవే కాయలు దారి పొడవునా కుప్పలుగా పడి ఉంటే, వాటితో పొయ్యి అంటించుకుంటుంటే, "గవి వేరే రకం" అన్నాడు. వేరే రకం కాదు. రంగొక్కటే తక్కువ.

తిండి సంగతి. రాజ్మా అన్నం పెట్టారు. మంచిదే, పొద్దున్నే తింటే సాయంత్రం దాకా ఆకలి మాట ఉండదు, మనసులో సంతోషం మాట కూడా ఉండదు. మా ఆయన సంచిలోంచి మామిడికాయ తొక్కు తీసి కలుపుకుంటే పక్క బల్ల వాళ్లు తిండి మానేసి ఆయన్నే చూశారు. హోటలాయన మాత్రం మా తొక్కు వాసన చూసి, కిటికీ తీసి, మళ్లీ వచ్చి బిల్లు పెట్టిపోయాడు.

నార్కండ: ఐదు సూదులు

ఇక అసలు పరిశోధన. పైన్ చెట్టుకు ఆకులు మన చెట్లలా పలచగా వెడల్పుగా ఉండవు. పొడుగాటి సూదులుంటాయి. ఆ సూదులు ఒంటరిగా మొలవవు, అడుగున కట్టేసిన చిన్న చిన్న కట్టలుగా వస్తాయి. కట్టలో మూడు సూదులుంటే అది చీడ్. ఐదుంటే కైల్. ఎంత ఎత్తు చెట్టయినా, ఎవరి కొండ మీదున్నా, ఒక కట్ట తుంచి లెక్కపెడితే కులగోత్రాలు చెప్పేయొచ్చు. నా క్లాసులో ఇది ఒక మార్కు ప్రశ్న. మేం దానికోసం దేశం సగం దాటి వచ్చాం.

"చీడ్" అన్న పేరు వినగానే మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. పత్తి చేనుకు పట్టేదాని పేరు చెట్టుకు పెట్టడమేమిటని ఆయన బాధ. అందుకే ముందు కైల్ చూద్దామన్నాడు. కైల్ కోసం ఇంకా పైకి, చలిలోకి పోవాలి.

నిజం చెప్తే కైల్ అందంగా ఉంది. సూదులు సన్నగా, మెత్తగా, కిందికి వాలి ఉంటాయి. ఎండ పడితే ఆకుపచ్చలో కాస్త నీలం కలిసినట్టు కనబడుతుంది. కాయలు పొడుగ్గా అరటికాయల్లా వేలాడుతూ, ముట్టుకుంటే బంకగా చేతికి అంటుకుంటాయి. మా ఆయన చెట్టు చుట్టూ రెండు సార్లు తిరిగి, తట్టి, తల పైకెత్తి చూశాడు.

"మెత్తటి మనిషి లెక్క ఉన్నదే. ఇది ఈత. గా కిందున్న చీడ్ తాడయితది చూడు."

పోలిక బాగానే ఉంది. మా వైపు తాటిని తాడంటాం, తాడూ ఈతా కూడా ఒకే వంశం. తాడు మొండిది, నిటారుగా పోతుంది, రాయి లాంటి నేలలోనూ బతుకుతుంది. ఈత కాస్త సుకుమారం, తడి ఉన్న చోటే సంతోషంగా ఉంటుంది. ఈ మాట నేను చెప్పి ఉంటే పాఠం అనేవాడు, తనన్నాడు కాబట్టి అనుభవం.

రోడ్డు పక్కన చాయ్ దుకాణంలో కూర్చున్నాం. ఆ దుకాణం పెద్దాయన ఒకప్పుడు సైన్యంలో ఉండి సికింద్రాబాద్‌లో పని చేశాడట. మే నెలలో స్వెట్టర్ వేసుకుని, "ఈ ఏడు ఎండలు భరించలేకపోతున్నాం" అన్నాడు. నేను నా రెండు శాలువాల్లోంచి తల ఊపాను. మా ఆయన తన ప్రశ్న అడిగాడు: ఈ చెట్టు మా సిద్దిపేటలో బతుకుతుందా?

పెద్దాయనకు సికింద్రాబాద్ ఎండ గుర్తుంది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"దాన్ని చంపాలనుంటే ఇక్కడే గొడ్డలి ఇస్తాను. అంత దూరం తీసుకుపోవడం దేనికి?"

నేను ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఒక చెట్టు తప్పుకుంది. ఆ సంతోషంలో అక్కడి పిండివంట తిన్నాం. గోధుమ పిండిని పొంగబెట్టి, లోపల అక్రోటు ముద్ద పెట్టి, ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసిస్తారు. దాని పేరు సిద్దు. మా ఊరి పేరులో సగం పెట్టుకుంది కాబట్టి మా ఆయన దానిలోకి తొక్కు నంజుకున్నాడు. పెద్దాయన కూడా మర్యాదకు రుచి చూసి, లేచి, కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు. సైన్యంలో ఉన్న మనిషి కాబట్టి ఏమీ అనలేదు.

ఆ రాత్రి చలి విపరీతం. మా ఆయన మాత్రం పొద్దున్నే లేచి చన్నీళ్ల స్నానం చేశాడు. చెట్లెక్కే రోజుల నాటి అలవాటట. మధ్యాహ్నానికి ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. ఈ జలుబు గుర్తుంచుకోండి, తర్వాతి ఊళ్లో దీనికి పనుంది.

సోలన్ కింది పల్లె: మూడు సూదులు

కిందికి దిగుతున్న కొద్దీ వేడి, వేడితో పాటు చీడ్. కొండలకు కొండలే అవి. బెరడు మందంగా, ఎర్రగా, ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంటుంది. సూదులు కైల్ కన్నా పొడుగు, గరుకు. కింద నేలంతా రాలిన సూదులే. వాటి మీద నడవడమంటే నూనె పోసిన బండల మీద నడిచినట్టే. మేం దిగిన ఇంటి గుమ్మం దాకా మా ఆయన నడుము బెల్టుతో కూడా నిక్షేపంగా వచ్చాడు. నేను కూర్చుని వచ్చాను, అదీ వేగంగా.

ఆ ఇల్లు బిమ్లా అనే ఆవిడది. నా ఈడుదే. ప్రయాణికులకు రెండు గదులు కిరాయికిస్తుంది. జారిపడ్డ నన్ను లేపి, చీరకు గుచ్చుకున్న సూదులు ఏరుతూ, "ఇక్కడ అందరూ ఇలాగే వస్తారు" అంది. ఆమె భర్త రూప్‌లాల్ అడవిలో పని చేస్తాడు. ఏం పనో నేనడగలేదు. అడిగి ఉంటే ఒక ప్రమాదం తప్పేది.

సాయంత్రం రూప్‌లాల్ రాగానే మా ఆయన ప్రశ్న వేశాడు. రూప్‌లాల్ ఆలోచించాడు. చీడ్‌కు ఎండ లెక్కలేదన్నాడు. రాళ్లలో మొలుస్తుంది, నీళ్లు లేకున్నా ఏళ్ల తరబడి నిలబడుతుంది, నిప్పంటుకున్నా పెద్ద చెట్టు బెరడు కాలి బతికి బట్టకడుతుంది. మీ ఊరు చూడలేదు కాబట్టి ఒట్టేయలేను గానీ పెట్టి చూడొచ్చు అన్నాడు.

మా ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు. అత్త పెట్టిన వనం కళ్ల ముందు మెదిలింది. రాత్రంతా, వేల కిలోమీటర్లు వచ్చి ఒక చెట్టు చేతిలో ఓడిపోయానే అని కుమిలిపోయాను.

గిన్నె కట్టిన చెట్టు

పొద్దున లేచేసరికి మంచం మీద మనిషి లేడు. బయటికొచ్చి చూస్తే ఇంటి వెనక వాలులో చీడ్ చెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ చెట్టుకు నడుమెత్తున బెరడు గీసి ఉంది. గీత కింద రేకు గిన్నె కట్టి ఉంది. గీతలోంచి ఏదో కారి గిన్నెలో పడుతోంది.

ఇప్పుడు మీరే చెప్పండి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చెట్టుకు గీత పెట్టి, కింద లొట్టి కుండ కట్టి, పొద్దున్నే దించి తాగిన మనిషి. ఎదురుగా చెట్టు. చెట్టుకు గీత. గీత కింద గిన్నె. వేరే ఏ ఊరి మనిషైనా "ఇదేమిటి?" అని అడుగుతాడు. కల్లు గీసే గౌండ్లాయన ఎందుకడుగుతాడు? ఆయనకు తెలుసు కదా! వాసన చూస్తే తెలిసేదే, కానీ ముక్కు నార్కండలో మూసుకుపోయింది. నేను "ఏమయ్యా!" అని అరిచేలోపే గిన్నె విప్పి, చీమల్ని ఊదేసి, కళ్లు మూసుకుని ఒక గుటక వేశాడు.

అది బంక. టర్పెంటైన్ తీసే చీడ్ బంక.

కళ్లు తెరిచాడు గానీ నోరు తెరవలేకపోయాడు. మీసం పెదవికి, పెదవి పెదవికి అంటుకుపోయాయి. ముక్కులోంచి వింత వింత శబ్దాలు వచ్చాయి. రెండు చేతులతో మొహం పట్టుకుంటే చేతులు కూడా అంటుకున్నాయి. నేను భయపడాలా నవ్వాలా తేల్చుకునేలోపు బిమ్లా ఆవనూనె గిన్నెతో పరిగెత్తుకొచ్చి, పశువుకు మందు రాసినట్టు ఆయన మొహమంతా రుద్దింది. బంక నూనెకే లొంగుతుందట. ఉప్పు నీళ్లు పుక్కిలించాక మొదటి మాట వచ్చింది.

"కల్లు పులిసిపోయిందనుకున్న."

రూప్‌లాల్ నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్లలో కోతులు కూడా ఆ గిన్నె ముట్టలేదట. తర్వాత మా చెట్ల సంగతి మా ఆయన చెప్తుంటే నవ్వు ఆపేసి విన్నాడు. చెట్టు గీస్తే తాగేది వస్తుందా? రోజూ? "మా చెట్టు రంగుల కంపెనీకి ఇస్తుంది, మీ చెట్టు మీకే ఇస్తుంది. అలాంటి చెట్టు వదిలి దీనికోసం వచ్చారా?" అని తలగోక్కున్నాడు. నేను ఈ మాటను హిందీలోంచి తెలుగులోకి మార్చి, తెలుగులో ఇంకో రెండు సార్లు చెప్పాను. మా ఆయన వినబడనట్టు మీసానికి నూనె రాసుకున్నాడు.

మధ్యాహ్నం ఎదుటి కొండ మీద పొగ లేచింది. ఎండిన సూదులకు నిప్పంటుకుంది. ఊరి ఆడవాళ్లంతా పలుగొర్రులు పట్టుకుని ఇళ్ల చుట్టూ సూదులు ఊడ్చి దూరంగా లాగారు. బిమ్లా చేతులు ఆపకుండానే చెప్పింది: ఎండాకాలమంతా ఇదే భయం, ఈ చెట్టు కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు, గేదెల కోసం ఎక్కడికో పోయి కోసుకు రావాలి.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"చూసినవా? చాయ్ తాగొచ్చినోళ్ల నెత్తి మీద అగ్గి పెడ్తవా? గడ్డి మొలవదట. అంటుకున్నదంటే పక్కోళ్ల పొలాలు సుత పోతయి."

"కాలితే కాలనియ్యి," అన్నాడు మా ఆయన. పొగ వైపే చూస్తూ అన్నాడు.

అక్కడ నేను ఆగిపోయాను. చాయ్ అమ్ముకుందామన్న మనిషి కాలిపోయినా సరే అనడమేమిటి? కుర్చీలు, కార్లు, ఆదివారాలు, ఇవేవీ ఈయనకు అక్కర్లేదని అప్పుడు తట్టింది.

నేల మీద నిలబడి గీసే మనిషి

మర్నాడు పొద్దున్నే రూప్‌లాల్ వెంట వాలు మీదికి పోయాం. ఆయన చిన్న పనిముట్టుతో చెట్టు బెరడు మీద కొత్త గీత పెడుతున్నాడు. గీసి, గిన్నె సర్ది, పాట పాడుకుంటూ పక్క చెట్టుకు పోతున్నాడు. ఎక్కేది లేదు, దిగేది లేదు. రెండు కాళ్లూ నేల మీదే. మా ఆయన ఒక బండ మీద కూర్చుని అది చూస్తూనే ఉన్నాడు.

"నేల మీద నిలబడి గీస్తుండు చూడే."

"చూస్తున్న. అయితే?"

రాలిన సూదుల కట్ట ఒకటి తీసి విరిచాడు. తర్వాత నా వైపు తిరక్కుండా అన్నాడు.

"నవీన్ చెట్లెక్కుతుండే."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ సూదుల మీదే కూలబడ్డాను.

"ఎవరు చెప్పిన్రు?"

"చెప్పుడేంది? పండుకున్నప్పుడు వాని అరికాళ్లు చూసిన. కాయలు కాసినయి. రొమ్ము మీద సుత గీతలున్నయి. పొద్దుగాల లైబ్రరీకని పోతుండు గదా, చంద్లాపూర్ పోతుండు. పాలోళ్లతోటి తాళ్లెక్కుతుండు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు వాన్ని కొడ్తవు, నన్ను తిడ్తవు, వాడు మల్ల ఎక్కుతడు. చెట్లే లేకపోతే ఏమెక్కుతడు అనుకున్న. నువ్వేమో 'మా అత్త పెట్టిన వనం' అంటివి. ఎక్కనక్కరలేని చెట్టేదన్న ఉన్నదా అని ఫోన్ల దేవులాడిన. గీ చెట్లు కనవడ్డయి."

మొగుణ్ణి చంపేయాలన్నంత కోపం వచ్చింది. ఒక్క గదిలో పడుకునే కొడుకుతో ఒక్క మాట మాట్లాడటానికి బదులు హిమాలయాల దాకా వచ్చిన తండ్రి లోకంలో ఇంకొకడుంటే చూపించండి. కానీ ఆయన చెయ్యి బెల్టు మీద ఉంది. ఆయన పడ్డ రోజు జీపులో పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోతుంటే, "కాళ్లు ఉన్నయా చూడే, నాకు తెలుస్తలేదు" అన్నాడు. ఆ మాట మళ్లీ చెవిలో వినబడి నాకు ఏడుపు ఆగలేదు.

ఫోను తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"గిప్పుడు చెయ్యకే. గీ యాళ్లకు వాడు చెట్టు మీద ఉంటడు."

చెట్టు మీదున్న మనిషిని మా ఇళ్లలో ఎవరూ పిలవరు. ఇల్లు అంటుకున్నా సరే, వాడి కాలు నేలకు తగిలేదాకా కింద నిలబడి ఉంటారు. పిలిస్తే కిందికి చూస్తాడు, చూస్తే చెయ్యి తప్పుతుంది. ఫోను సంచిలో పెట్టేశాను. ఆ పూట గడిచినంత నెమ్మదిగా నా జీవితంలో ఏ పూటా గడవలేదు.

మధ్యాహ్నం చేస్తే ఎత్తాడు. "లైబ్రరీల ఉన్న అవ్వా, చదువుకుంటున్న, మెల్లగ మాట్లాడు" అన్నాడు. మా వైపు అమ్మనే అవ్వ అంటారు. పక్కన లొట్లు తగిలిన చప్పుడు వినబడుతోంది. ఇంత తొణక్కుండా అబద్ధమాడేవాడు ఇంటర్వ్యూలో కచ్చితంగా నెగ్గుతాడు. అడగాల్సింది ఎదురుగానే అడుగుదామని పెట్టేశాను. రెండు రోజులు మిగిలి ఉండగానే తిరుగు ప్రయాణం కట్టాం.

రైల్లో

నాగ్‌పూర్ దాకా మొగుడితో మాట్లాడలేదు. నాగ్‌పూర్ దాటాక మాట్లాడకుండా తిట్టడం కుదరదని మాట్లాడాను.

"వనం కొట్టేస్తే వాడు ఎక్కకుంట ఉంటడా? కోహెడల తాళ్లు లేవా? చింతమడకల లేవా? జిల్లా మొత్తం కొట్టేస్తవా?"

మిగిలిన దారంతా నేను కొడుకు కోసం తిట్లు సిద్ధం చేసుకున్నాను. పాఠం తయారుచేసుకున్నట్టే వరుసగా, ఉదాహరణలతో సహా. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఏడవాలో కూడా అనుకున్నాను.

చంద్లాపూర్

సిద్దిపేటలో దిగి ఇంటికి పోలేదు. సంచులతోనే ఆటో ఎక్కి తెల్లారేసరికి వనం దగ్గర దిగాం. గట్టు మీద నవీన్ బండి ఉంది. దాని పక్కన చెప్పులున్నాయి. తలెత్తితే తాటిచెట్టు సగంలో నా కొడుకున్నాడు.

దేశం సగం దాటి మోసుకొచ్చిన తిట్లన్నీ గొంతులో ఉన్నాయి. నోరు విప్పడానికి లేదు. బడిలో వంద మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టేదాన్ని, పైట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. వాడు నడుమునూ చెట్టునూ కలిపి చుట్టిన మోకు తాడును ఒక జానెడు పైకి విసరడం, కాళ్లు దగ్గరికి లాక్కోవడం, మళ్లీ విసరడం. విసిరిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చింది. నా పక్కన మా ఆయన పెదవులు కదుపుతున్నాడు. దేవుణ్ణి మొక్కుతున్నాడనుకుని చెవి పెట్టి విన్నాను.

"ఎడమ కాలు... ఇంకింత దగ్గరికి... ఆ, గట్ల. గట్లనే." తల ఇంకాస్త పైకెత్తాడు. "మంచిగ ఎక్కుతుండే. నా లెక్కనే ఎక్కుతుండు."

ఆ మాటలో ఎంత భయముందో అంత సంబరమూ ఉంది. ఏది ఎక్కువో ఆయనకే తెలియదు.

వాడు గీసి, దిగి, నేల మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. చేతిలో లొట్టి ఉంది. నేను వరుసగా పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ రాలేదు. పోయి వాడి రెండు కాళ్లూ పట్టుకుని తడిమి చూశాను. ఆ తర్వాత వీపు మీద నాలుగు దెబ్బలు వేశాను. ఆ వరుసలోనే వేశాను.

"మీ బాపు నడుము చూసి సుత ఎట్ల ఎక్కబుద్ధయిందిరా?"

"పొద్దంత పుస్తకం ముంగట కూసుంటే తల పగులుతుంది అవ్వా. చెట్టెక్కితే పానం సల్లవడుతది. దొంగతనం చేస్తున్ననా? బాపు పనే గదా."

"బాపు పని కాబట్టే చెప్తున్న," అన్నాడు మా ఆయన. "వనం కొట్టేస్త."

"కొట్టేస్తే పాలోళ్ల చెట్లెక్కుత."

రైల్లో నేనన్న మాటే. తండ్రీ కొడుకులు కోడిపుంజుల్లా నిలబడ్డారు. వాళ్ల వెనక వనం, అందులో ఎత్తు చెట్లతో పాటు అత్త పోయాక వాటంతటవే మొలిచిన పిల్ల ఈతలున్నాయి. నేల మీద నిలబడితే మట్టకు చెయ్యి అందేవి.

"తాళ్లు బంద్," అన్నాను. "ఎత్తు ఈతలు బంద్. గా చిన్న ఈతలు గీసుకో. నేల మీద నిలబడి. కొండల మీద ఒకాయన గట్లనే గీస్తుండు, పాటలు పాడుకుంట."

ఇద్దరూ నన్ను చూశారు. మా ఆయన మెల్లగా బెల్టు మీది చెయ్యి తీశాడు.

"ఎంత ఎత్తు దాక గీయొచ్చు?" అన్నాడు నవీన్. వాడికి అప్పుడే బేరం మొదలైంది.

మా ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. మా ఇంట్లో అందరికన్నా పొట్టిదాన్ని నేనే.

"మీ అవ్వ చెయ్యెత్తితే ఎంత అందుతదో గంత. దానికి మీద ఒక్క జానెడు పోయినా గొడ్డలి వట్టుకొని నేనే వస్త. ఏమంటవ్?"

"సరే," అన్నాడు వాడు.

నేను పోయి ఒక ఈతచెట్టుకు ఆనుకుని చెయ్యెత్తాను. నవీన్ కత్తి తీసుకుని గుర్తు పెట్టబోతూ చూసి, మొహం వేలాడేశాడు.

"అవ్వా, జర మునివేళ్ల మీద నిలబడవే."

నేను మడమలు నేలకు అదిమిపెట్టి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, మోచెయ్యి కూడా పూర్తిగా చాపలేదు.